చింత బోన్సాయ్‌కి పూటపూటా హిండి పెట్టిన మునెప్ప తాత

వృత్తి అనుభవాలంటూ పత్రికల్లో డాక్టర్లు రాస్తారు, లాయర్లు రాస్తారు, రిటైరైన బ్యాంకు మేనేజర్లు రాస్తారు. బోన్సాయ్ పెంచేవాణ్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పంతొమ్మిదేళ్లుగా నాది ఇదే పని. నేనే రెండుసార్లు ఉత్తరం రాశాను. అందిందని కూడా ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో చెట్ల ప్రదర్శనలు పెట్టేవాళ్లు కూడా ఇంతే. ఒక ఏడాది నా బల్లను తాగేనీళ్ల క్యాన్ల వెనక వేశారు. నీళ్లు తాగినవాళ్లు ఖాళీ కప్పులను నా జువ్వి చెట్టు కుండీలో పెట్టి వెళ్లారు. ఆ బల్ల అక్కడ వేయించిన పెద్దమనిషి పేరు నాకు ఇంటిపేరుతో సహా గుర్తుంది. మర్యాద కోసం ఇక్కడ రాయడం లేదు. ఇప్పుడు మీరు చోటిచ్చారు కాబట్టి, ఈ పనిలో నాకు బాగా గుర్తుండిపోయిన ఒక కేసు చెబుతాను.

2023 ఫిబ్రవరి. బెంగళూరులో కాడుగోడి స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే నా నర్సరీ వస్తుంది. మూడు వందల దాకా కుండీలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మూడు నుంచి ఆరేళ్ల లేత చెట్లు. వీటిని మేం ‘ట్రైనింగ్‌లో ఉన్నవి’ అంటాం. అంటే కాండం ఇంకా లావెక్కాలి, కొమ్మలకు రూపం రావాలి. జనం డబ్బు పెట్టేది ముసలి చెట్లకే గానీ, కష్టమంతా ఈ లేతవాటిని సాకడంలోనే ఉంది.

ముందు ఒక అపోహ సంగతి చెప్పాలి. తిండి పెట్టకుండా ఎండగడితేనే బోన్సాయ్ చిన్నదిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. చెట్టు చిన్నదిగా ఉండేది కత్తెర వల్ల. పైన కొమ్మలు, కింద వేర్లు తగుమాత్రంగా కత్తిరిస్తూ ఉంటాం. తిండి మాత్రం పెట్టి తీరాలి. రెండంగుళాల లోతు కుండీలో మట్టెంత ఉంటుంది? అందులోని సత్తువ నాలుగు నీళ్లకే కొట్టుకుపోతుంది. అందుకని వేరుశనగ చెక్క నానబెట్టి, వారం రోజులు పులియబెట్టి, పైన తేరిన నీటిలో పలచటి టీ రంగు వచ్చేదాకా మంచినీళ్లు కలిపి, పదిహేను రోజులకోసారి పోస్తాం. ఇక్కడ ఆ చెక్కను కన్నడంలో లాగే హిండి అంటారు.

అయితే ఒక సమయంలో మాత్రం అదీ పోయకూడదు. ‘రీపాటింగ్’ చేసినప్పుడు. అంటే చెట్టును పెకలించి, వేర్లు కొంత కత్తిరించి, కొత్త మట్టిలో నాటినప్పుడు. కోసిన వేరు పచ్చిపుండు లాంటిది. దానికి ఎరువు తగిలితే ఏమవుతుందో ఆవకాయ పెట్టే ఇల్లాలికి చెప్పక్కర్లేదు. ఉప్పు పడ్డ ముక్క నీరు వదిలినట్టు, ఘాటైన ఎరువు పడ్డ వేరు తనలోని నీటిని బయటికి వదిలేస్తుంది. కుండీ నిండా తడి ఉన్నా చెట్టు దాహంతో చస్తుంది. నెలన్నర దాకా, కొత్త చిగురు వచ్చి ముదిరే దాకా, ఉత్త నీళ్లే.

ఆ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం శ్వేత అనే అమ్మాయి వచ్చింది. వైట్‌ఫీల్డ్‌లో ఏదో కంపెనీలో ఉద్యోగం. మెడలో కంపెనీ కార్డు, చేతిలో ఫోను. నాలుగేళ్ల చింతచెట్టు ఒకటి చూసి అక్కడే ఆగిపోయింది. జానెడు పొడవు, కొంచెం పక్కకు వంగిన కాండం, దువ్వినట్టు సన్నటి ఆకులు.

“ఇదే కావాలి అంకుల్.”

“అది ఇప్పుడు ఇవ్వనమ్మా. రీపాటింగ్ చేసి పన్నెండు రోజులే అయింది. ఉగాది పోయినాక రా.”

“అంకుల్, ప్లీజ్. మా తాత కోసం. లాస్ట్ వీక్ మా ఆఖరి ఆవును కూడా అమ్మేసినారు. అపార్ట్‌మెంట్ల మధ్యన దాన్ని కట్టేసేకి జాగా లేదు. అప్పట్నుంచి తాత మాట్లాడేది, అన్నం తినేది స్టాప్ చేసేసినాడు. సుమ్నే, ఊరికే గోడ చూస్తా కూర్చుంటాడు. ఆయనకి ఏదన్నా లివింగ్ థింగ్ కావాలి.”

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఇవ్వకూడదు. ఇచ్చాను. ఇచ్చేటప్పుడు నేను రాసి అచ్చు వేయించిన కార్డు చేతిలో పెట్టాను. ఒకవైపు తెలుగు, ఒకవైపు కన్నడం. నీళ్లెప్పుడు, ఎండెంత, ఎరువు ఎప్పటిదాకా వద్దు అన్నీ అందులో ఉన్నాయి. ఆ అమ్మాయి కార్డును ఫోటో తీసుకుని, అసలు కార్డును నా బల్ల మీదే వదిలేసి వెళ్లింది. “ఫోటో ఉంది కదా అంకుల్” అంది. ఆ కార్డు అచ్చుకు ముందు నేను పదకొండుసార్లు తిరగరాసినది.

నాలుగో వారంలో ఒక ఉదయం, మా ఆవిడ సరోజ ఫోను చూస్తూ పిలిచింది.

“ఇదో, ఇట్ల రాండి. మన నర్సరీకి ఎవరో స్టార్ ఇచ్చినారు.”

“ఎన్ని?”

“ఒకటి.”

కింద శ్వేత పేరు, ఇంగ్లీషులో మూడు వాక్యాలు. నెల తిరక్కుండానే చెట్టు చచ్చిపోతోందని, జబ్బు చెట్లు అంటగడుతున్నానని, తన తాత మళ్లీ అన్నం మానేశాడని. పంతొమ్మిదేళ్లలో నా మీద చాలామంది చాలా అన్నారు, కానీ జబ్బు చెట్టు అమ్మానని ఎవరూ అనలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరాను.

“కొట్లాడేకి పోతా ఉండారా, చెట్టు చూసేకి పోతా ఉండారా?” అని సరోజ గేటు దగ్గర అడిగింది.

“రెండూ” అన్నాను.

అడ్రసు కనుక్కోవడం కష్టం కాలేదు. ఈమధ్య ఆఖరి ఆవును అమ్మేసిన తాత ఎవరంటే, ఆవుల మునెప్ప అని కాడుగోడి పాతవీధుల్లో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. మూడు తరాలుగా ఆ ఇంటి పాలు తాగి పెరిగిన ఊరది. వెనక పశువుల కొట్టం ఇంకా అలాగే ఉంది. గుంజలున్నాయి, పలుపుతాళ్లున్నాయి, మేత వేసే రాతి తొట్టి ఉంది. ఆ తొట్టి మధ్యలో నా చింతచెట్టు కుండీ ఉంది. పక్కనే స్టూలు మీద మునెప్ప తాత. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. తలకు తువ్వాలు, చేతిలో కొబ్బరిచిప్ప.

నన్ను నేను పరిచయం చేసుకోకముందే ఆయన మొదలుపెట్టాడు.

“ఏమప్పా, ఇది నువ్వు అమ్మిండేదేనా?”

“నేనే తాతా, నాగరాజు.”

“నాలుగేండ్ల చెట్టంట! నాలుగేండ్ల చింతచెట్టు నా తలకంటే పొడుగు ఉంటాది. ఇది చూడు, జానెడు ఉండాది. కట్టేసి, కడుపు మాడ్చి సాకినావు. సంతలో బక్కదూడను తెచ్చినట్ల ఉండాది నా పని. సిగ్గులేదా నీకు?”

నేను కుండీ మీదికి వంగాను. మట్టి కనబడలేదు. దాని మీద బొటనవేలు మందాన ఏదో అట్ట కట్టుకుపోయి ఉంది. తెల్లటి బూజు, చుట్టూ ఈగలు. వాసన పులిసిన కుడితిది. చెట్టుకు నాలుగైదు రెబ్బలు మాత్రం మిగిలాయి, వాటి చివర్లు కాలినట్టున్నాయి.

“ఏం పెడ్తా ఉండావు తాతా దీనికి?”

“పొద్దున ఒక చిప్ప హిండి. మాపటికి పిడికెడు బూసా. మధ్యానం కడుగునీళ్లు” అన్నాడు గర్వంగా. బూసా అంటే గోధుమ తవుడు. “పాలిచ్చే ఆవుకు పెట్టేదే పెడ్తా ఉండాను. కల్తీ లేదు. నా మనవరాలి మాదిరి ఉత్తి ఫోటోలు తీసేది కాదు నేను.”

“కార్డు చూడలేదా? ఎరువు వద్దని రాసిచ్చినాను కదా!”

“ఏ కార్డు?”

శ్వేత అప్పుడే ఇంట్లోంచి వచ్చింది. ఫోను తీసి వెతికింది. కార్డు ఫోటో ఎక్కడో పాత ఫోటోల అడుగున ఉంది. తాతకు చూపించనే లేదు. నేను గొంతు పెంచాను. ఆ అమ్మాయీ పెంచింది. “చెట్టు చస్తా ఉంది అంకుల్, మీరు కార్డు గురించి మాట్లాడతా ఉన్నారు!” అంది. అది నిజమే. కానీ కార్డు సంగతి కూడా నిజమే. ఆ రోజు నేను దాన్ని మూడుసార్లు చెప్పాను.

గోటితో కాండం మీద చిన్నగా గీరాను. ఇది మా ‘స్క్రాచ్ టెస్ట్’. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణముందని, గోధుమ రంగైతే పోయిందని లెక్క. పైభాగం పోయింది. మధ్య నుంచి కిందికి సన్నటి పచ్చ గీత ఉంది.

“ప్రాణముండాది” అన్నాను. తాత స్టూలు మీంచి లేచాడు. గోడను చూస్తూ కూర్చునే మనిషి ఇంతలా దీన్ని పట్టుకుని వేలాడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

“బతుకుతాదా?”

“బతుకుతాది. కానీ నెలన్నర దీనికి నీళ్లు తప్ప ఏమీ పెట్టకూడదు.”

“పో పో” అన్నాడు ఆయన. “చిక్కిపోయిన దానికి మేత ఆపమంటావా? నా కొట్టంలో ఏ ప్రాణీ ఆకలితో పండుకోలేదు. నా తండ్రి కాలంలో లేదు, నా కాలంలో లేదు. నువ్వు చెప్పినావని ఇప్పుడు పస్తు పెట్టాల్నా?”

నేను శాస్త్రమంతా చెప్పాను. లవణాలన్నాను, వేరు మొనలన్నాను. ఆయన నా వైపు చూడను కూడా లేదు, తొట్టి గోడ మీద ఈగలు తోలుతున్నాడు. నన్ను పట్టించుకోని మనుషుల్ని చాలామందిని చూశాను. కానీ ఈయన తలుపు మూసేస్తే చెట్టు పోతుంది. నేను ఊరికే వెళ్లలేకపోయాను. ఆ కొట్టం, ఆ గుంజలు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తట్టింది.

“తాతా, ఒక మాట అడుగుతాను. పొద్దున ఈనిన ఆవుకు మాపటికి హిండి పెడ్తావా?”

ఆయన చటుక్కున నా వైపు తిరిగాడు. “నీకేమన్నా తిక్కనా? కడుపుబ్బి చస్తాది. గోరువెచ్చని గంజి, బెల్లం, పచ్చిగడ్డి. లోపలంతా పచ్చిగా ఉంటాది కదప్పా. నాలుగు దినాలు పోనిచ్చి, పిడికెడు పిడికెడుగా పెంచాల.”

“ఈ చెట్టు వేర్లు కోసి నెలన్నర కూడా కాలేదు. దీనికీ లోపలంతా పచ్చిగానే ఉండాది.”

ఆయన చిప్పను తొట్టి గట్టు మీద బోర్లించాడు. తర్వాత మనవరాలి వైపు చూసి, “ఇది బాలింత చెట్టంట పాపా. ముందే చెప్పుంటే నేను పెడ్తానా?” అన్నాడు.

“నాకేం తెలుసు తాతా, ఫోటోలో అట్ల రాయలేదు” అంది శ్వేత. రాయలేదన్నది కూడా నిజమే. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటికప్పుడే పని మొదలుపెట్టాం. చెట్టును కుండీలోంచి తీసి బకెట్లో వేర్లు కడిగాను. నల్లగా, జిగటగా ఊడి వచ్చేవన్నీ కత్తిరించాను. తాత వేర్లను ఒక్కొక్కటిగా రెండు వేళ్ల మధ్య పట్టి చూసి, “ఇది ఉండనీ, గట్టిగా ఉండాది” అని చెబుతూ వచ్చాడు. ఆయన ఉండనీ అన్నవాటిలో ఒక్కటి కూడా కుళ్లింది లేదు. ఆవు పొదుగు పట్టి చూసిన వేళ్లవి. నర్సరీ నుంచి ఇటుకముక్కలు, ముతక ఇసుక, కొంచెం ఆకుమట్టి తెప్పించి, నీరు నిలవకుండా కలిపి నాటాం. పోయిన పైభాగాన్ని పచ్చగీత దాకా కోసేశాను. జానెడు చెట్టు బెత్తెడైంది.

“ఇంకా తగ్గించినావా?” అన్నాడు తాత.

“తాతా!”

“సరేలేప్పా, ఊరికే అన్నాను.”

వెళ్లేముందు ఆ రివ్యూ సంగతి శ్వేతను అడిగాను. “చిగురేయనీ అంకుల్, అప్పుడు తీసేస్తా. ప్రామిస్” అంది. తాత కూడా విన్నాడు.

తర్వాతి నెలన్నర నాకే పరీక్ష అయింది. తాత రోజు విడిచి రోజు నర్సరీకి వచ్చేవాడు. వచ్చి బల్ల మీద కూర్చుని, “నిన్న రాత్రి దానికి ఆకలేసినట్ల ఉండాది” అనేవాడు. “ఉత్త నీళ్లు పోసేటప్పుడు దాని మొహం చూడలేకపోతా ఉండాను” అనేవాడు. ఒకరోజు రహస్యంగా, “ఒక్క చెంచా గంజి?” అని అడిగాడు. చేతులు ఖాళీగా ఉంటే ఈయన ఏదో ఒక రోజు తప్పకుండా పెట్టేస్తాడని నాకు భయం పట్టుకుంది. నర్సరీలో తిండి పెట్టాల్సిన లేత చెట్లు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఎరువునీళ్ల డ్రమ్ము, కొలత గిన్నె ఆయన చేతికిచ్చాను.

డ్రమ్ము మూత తీసి వాసన చూశాడు. పక్కనున్న చెక్క బస్తాలో చెయ్యి పెట్టి ఒక పలుకు విరిచి నలిపాడు.

“ఈ హిండి ఎక్కడ తెస్తా ఉండావు?”

“ఎప్పుడూ తెచ్చే అంగట్లోనే.”

“ఇది ముక్కిపోయి ఉండాది. ఆవు అయితే మూతి కూడా పెట్టదు. నీ చెట్లకు నోరు లేదు కాబట్టి తాగతా ఉండాయి.”

రెండు నెలలుగా నా జువ్విమొక్కల ఆకులు ఎందుకు పాలిపోతున్నాయో తెలియక సతమతమవుతున్నాను. నీళ్లని అనుమానించాను, ఎండని అనుమానించాను, చెక్కను అనుమానించలేదు. అంగడి మార్చాక పది పదిహేను రోజుల్లో కొత్త ఆకు పచ్చగా వచ్చింది. పంతొమ్మిదేళ్ల అనుభవజ్ఞుణ్ని నేను. ఒక్క పలుకు నలిపి చెప్పినవాడు ఆయన. ఈ మాట సరోజ రోజుకు ఒకసారి గుర్తు చేస్తుంది కాబట్టి, ఇక్కడ నేనే రాసేస్తున్నాను.

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున, గేటు తీయకముందే తాత గొంతు వినిపించింది. వీధి మొదట్లోంచే అరుస్తూ వస్తున్నాడు.

“నాగరాజప్పా! ఈనింది! ఈనిందప్పా!”

పాలవాళ్లు ఇద్దరు ఆగి చూస్తున్నారు. నేను సగం గడ్డంతో, సబ్బు నురగతో పరిగెత్తాను. కొట్టంలో తొట్టి ముందు ముగ్గురం వంగాం. కాండం మధ్య ఒక కణుపు దగ్గర ఆవగింజంత ఎర్రటి మొన. దాని కింద ఇంకొకటి. చింతచిగురు మొదట ఎర్రగానే వస్తుంది.

“నిన్న లేదు” అన్నాడు తాత మెల్లగా. “పొద్దున ఆరుకు నీళ్లు పోసేకి వస్తే ఉండాది.” ఆ తర్వాత శ్వేతతో, “పాపా, ఆకలేస్తా ఉండాది. ఏమన్నా పెట్టు” అన్నాడు. ఆ అమ్మాయి లోపలికి పరిగెత్తింది. ఆయన తిన్న ఇడ్లీలు నేను లెక్కపెట్టలేదు గానీ, గిన్నె ఖాళీ అయింది.

చిగురు ముదిరాక, మే నెల నడుమ, మొదటిసారి ఎరువు పోసింది తాతే. టీ రంగు నీళ్లు, కొలత గిన్నెలో సగం. పోసి, కుండీ కిందినుంచి నీరు కారే దాకా ఆగి, “పిడికెడు పిడికెడుగా పెంచాల” అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఇది. నా కార్డులో అబద్ధం లేదు, తప్పు లేదు. కానీ అది ఎవరికి రాశానో నాకే తెలియదు. చెట్టు కొనేవాళ్లు ఒకరు, దానికి తిండి పెట్టేవాళ్లు ఇంకొకరు. అందుకే ఇప్పుడు లేత చెట్టును ఎవరడిగినా ముందు ఒక ప్రశ్న వేస్తాను: ఇంట్లో దీనికి నీళ్లు పోసేది ఎవరు? వాళ్లను తీసుకొస్తేనే చెట్టు. వచ్చినవాళ్లను ఇంతకుముందు ఏం సాకారో అడుగుతాను. ఒకాయన కోళ్లంటాడు, ఒకామె ముగ్గురు మనవలంటుంది, ఒకాయన పట్టుపురుగులన్నాడు. ఏది సాకినవాళ్లకైనా, తిండి ఎప్పుడు ఆపాలో తెలిసిన రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజును గుర్తు చేస్తే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. కొంతమంది కొనకుండా విసుక్కుని వెళ్లిపోతారు. వెళ్లనీ. కానీ ఆ తర్వాత ఎరువు ఎక్కువై చచ్చిన చెట్టు నా దగ్గరికి ఒక్కటీ తిరిగి రాలేదు.

ఇక ఒక్క మాట మిగిలింది. అది చదివేవాళ్లందరికీ కాదు.

శ్వేతమ్మా, మీ ఇంటికి ఈ పత్రిక వస్తుందని మీ తాతే చెప్పాడు. చిగురేస్తే తీసేస్తానన్నది నువ్వు. చిగురు వేసింది, కొమ్మయింది, ఆ కొమ్మను మీ తాతే తన చేత్తో రెండుసార్లు కత్తిరించాడు. ఫోటోలతో నాలుగు మెసేజీలు పంపాను. నాలుగింటికీ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఒకదానికి బొటనవేలు బొమ్మ వచ్చింది. బొటనవేలు జవాబు కాదు. నిన్న రాత్రి కూడా చూశాను, జబ్బు చెట్టు అమ్మానన్న ఆ ఒక్క స్టార్ నా నర్సరీ పేరు కింద అలాగే ఉంది. ఐదు వద్దు, నాలుగు వద్దు. ఆ ఒక్కటి ఎప్పుడు తీస్తావో ఒక్క తారీఖు చెప్పు. అడుగుతున్నాను, జవాబు చెప్పమ్మా.